పొలిమేర దగ్గర తుడిచిన పాట

5 జూలై 2025, శనివారం

శాంతి స్కూల్‌కే వచ్చింది. ఎనిమిదో తరగతి వాళ్లు సమాసాలతో కుస్తీ పడుతున్నారు. గుమ్మంలో నర్సు డ్రెస్‌లో ఒక అమ్మాయి నిలబడి ఉంటే, ఇవాళ మళ్లీ పిల్లలకు సూదులేమో అనుకున్నాను. మేడం, నేను శాంతిని, వజ్రమ్మ మనుమరాలిని అంది.

వజ్రమ్మ! ఆ పేరు విని ఎన్నేళ్లయింది. పాలకుర్తి అవతల ఊరు. చెవులకు గెంటీలు, దవడన ఎప్పుడూ ఆకువక్క, నన్ను చూడగానే జనగామ పోరి అచ్చిందే అని వాడంతా వినిపించేలా అరిచే గొంతు.

ఆ గొంతే పోయిందట. ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చింది. కుడి కాలు కొంచెం కోలుకుంది, చెయ్యి లేవడం లేదు, మాట మొత్తానికే రాలేదు. అన్నీ సమజైతయి మేడం, నోట్లెకెల్లి మాటే ఎల్లది, ఆ ఆ అంటది, ఎల్లకపోతె గిలాస ఇసిరికొడ్తది అంది శాంతి. తను మన మానుకోట దవాఖానలోనే పని చేస్తుందట. ఇలాంటివాళ్లలో కొందరికి మాట రాకపోయినా పాట వస్తుందని, ఆమె ఎక్కువగా పాడిన పాటలు వినిపించమని అక్కడి డాక్టర్ చెప్పారు. బతుకమ్మ పాటలు పెట్టారు. భజనలు పెట్టారు. వజ్రమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మా అవ్వ బతుకంత పాడింది శోకమే మేడం అంది.

నిజమే. చుట్టుపక్కల ఏ ఇంట్లో పోయినా వజ్రమ్మ వెళ్లేది. పీనుగ కాళ్ల దగ్గర కూర్చుని పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి ఏడ్చేది. పైసా తీసుకునేది కాదు. కానీ పీనుగ లేని ఇంట్లో శోకం తీయకూడదు. తీస్తే చావును పిలిచినట్టే అంటారు. మంచంలో ఉన్న మనిషి ముందు ఎవరు తీస్తారు? శాంతి వాళ్ల నాయిన లింగయ్య, నా తల్లి బతికుండంగ శోకం పెడ్తరా, కాళ్లిరగ్గొడ్త అన్నాడట.

అప్పట్ల మీరు అవ్వతోని పాడించుకున్నరట గద మేడం, చిన్న మిషిన్ల, అని అడిగింది.

పాడించుకున్నం, తుడిచేసినం అన్నాను.

శాంతి వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి ఏ తప్పూ లేని పిల్లను సమాసం గురించి తిట్టాను.

6 జూలై, ఆదివారం

అటక మీది సూట్‌కేసు దింపించాను. మా ఆయన తుమ్ముతూ దింపి, ఏముంది దీంట్ల, బంగారమా అన్నాడు.

మినీడిస్క్ రికార్డర్ ఉంది. ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. అరచేతిలో పట్టే మెషిన్. చదరపు ప్లాస్టిక్ డబ్బీలో బుల్లి సీడీ. రికార్డు చేయొచ్చు, చెరపొచ్చు, మళ్లీ చేయొచ్చు. ఫోన్లు ఇంకా పాటలు పట్టడం నేర్వని రోజుల్లో దాన్ని మెడలో వేసుకుని తిరిగితే కలెక్టరమ్మనే అనుకునేవారు. ఆడవాళ్ల పాటల ప్రాజెక్టు, 2003. మహీధర్ సార్ పెద్ద, నేను అసిస్టెంట్‌ని. ఇరవై మూడేళ్ల వయసు, రెండు జతల చుడీదార్లు, భయం లేదు. మెషిన్ మోటార్ గుర్రుమంటే మైకులో పడేది, అందుకని టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకునేదాన్ని. కోళ్లను తరమడం కూడా నా డ్యూటీయే. అబ్బ, ఎంత బాగుండేదో.

పద్నాలుగు నవంబర్. వజ్రమ్మ రెండు రోజులు మమ్మల్ని తిప్పి పంపింది. మూడో రోజు, ఇంట్ల తియ్య, చేన్ల తీస్త, ఎవల పేరు మీద తీసినా ఆళ్లకు తగుల్తది, అందుకని నా పేరు మీదనే తీస్త అంది. పత్తి చేను గెట్టు మీద కూర్చుని తన చావుకు తనే ఏడ్చింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. షరతు ఒక్కటే. ఊరి పొలిమేర దాటకముందే తుడవాలి.

తుడిచేది చూడ్డానికి పొలిమేర రాయి దాకా మాతో నడిచి వచ్చింది. మహీధర్ సార్ బ్యాటరీ మార్చాలన్న వంకతో నన్ను పక్కకు పిలిచి, నా చేతిలో ఇంకో డిస్కు పెట్టి, గిది చెరుపు, ఆమెకేం తెలుస్తది అన్నాడు.

నేను అసలుదే చెరిపాను. వజ్రమ్మకు చదువు రాదు కానీ తెలివి ఉంది. హెడ్‌ఫోన్ పెట్టించుకుని మెషిన్‌లో ఏమీ పలకడం లేదని చూసుకుంది. నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. సార్ జనగామ దాకా నాతో మాట్లాడలేదు. నెల తిరక్కుండా ప్రాజెక్టులో నా పేరు లేదు. బీఈడీ చేసి టీచర్నయ్యాను. బాగానే ఉన్నాను. కానీ టీచర్ని కావాలని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ చెరిపిన డిస్కు మాత్రం నా బ్యాగులో వేసుకుని వచ్చాను. ఎందుకో అప్పుడూ తెలియదు. మళ్లీ దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించకుండా, అంచున ఉండే చిన్న టాబ్ జరిపి లాక్ చేశాను.

అదే రోజు, సాయంత్రం

సెల్లు పెట్టే చోట పచ్చగా చిలుము. పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. డిస్‌ప్లే వెలిగింది, ఒక్క బటనూ పని చేయదు. అరగంట తిట్టుకున్నాక చూస్తే హోల్డ్ స్విచ్ వేసి ఉంది. సిగ్గులేని మొహం. 2003లో మొదటి రోజు కూడా ఇదే చేశాను.

పాత డిస్కు ఒకటి పెట్టాను. ఒకటి, రెండు, మూడు, పాలకుర్తి బస్టాండు, టెస్టింగ్ అని ఒక పిల్ల నవ్వుతోంది. నేనే. వెనక ఎవరో తొర్రూరు తొర్రూరు అని అరుస్తున్నారు. మా ఆయన వంటింట్లోంచి వచ్చి, ఎవరా పిల్ల అన్నాడు.

తర్వాత వజ్రమ్మ డిస్కు పెట్టాను. బ్లాంక్ డిస్క్ అంది మెషిన్.

8 జూలై, మంగళవారం

లీజర్ పీరియడ్‌లో ఫోన్ చూస్తూ కుర్చీలోంచి లేచాను. హెచ్.ఎం. ఏమైంది అన్నారు. ఏం లేదు సార్ అన్నాను.

ఏం లేదా! చెరిపితే పాట పోదట. పోయేది విషయసూచిక ఒక్కటే. డిస్కులో మొదటి చోట టాక్ అని ఒక పట్టిక ఉంటుంది, ఏ పాట ఎక్కడ ఉందో అందులో రాసి ఉంటుంది. పుస్తకంలో ఆ పేజీ చించేస్తే మెషిన్ పుస్తకమంతా ఖాళీ అనుకుంటుంది. పాత మెషిన్ల పిచ్చివాళ్లు ఇంటర్నెట్లో పేజీలకు పేజీలు రాశారు. ఇంకో డిస్కు పట్టికను మెషిన్‌కు చదివించి, మూత తెరిచిన సంగతి దానికి తెలియకుండా డిస్కు మార్చి, ఆ పట్టికను చెరిపిన డిస్కు మీద రాయించాలట. దొంగతనంగా. తప్పు జరిగితే ఉన్నదాని మీదే రికార్డయిపోతుంది, ఇక దేవుడు కూడా తేలేడు.

ఇరవై రెండేళ్లుగా వజ్రమ్మ మా అటక మీదే ఉంది!

9 జూలై

కానీ నేను మాట ఇచ్చి తుడిచాను. ఇప్పుడు తవ్వి తీస్తే అది మాట తప్పడం కాదా?

12 జూలై, రెండో శనివారం

ఆమెనే అడుగుదామని వెళ్లాను. ఆధార్ చూపించి జీరో టికెట్, మూడు బస్సులు, ఒక ఆటో. గెంటీలు తీసేశారు, చెవి తమ్మెలు వేలాడుతున్నాయి. నన్ను గుర్తుపట్టింది. జనగామ పోరి అనబోయింది కాబోలు, ఆ ఆ అని ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను, దాచుకోలేదు.

డిస్కు చూపించాను. ఎడమ అరచేత్తో తొడ మీద తుడిచినట్టు చేసి నా మొహంలోకి చూసింది. తుడిచిన అవ్వా, నువు జూసినవు గద, కాని మళ్ల తియ్యొచ్చట అని అంతా చెప్పాను. నీ ఇష్టమైతేనే తీస్త అన్నాను.

తర్వాత గొంతు మీద వేలు పెట్టుకుని, నా ముందు చెయ్యి చాపింది. ఇయ్యి అని.

లింగయ్య అన్న అంతా విని, మా ఇంట్ల శోకం ఇనబడద్దు మేడం, గంతే అన్నాడు. కసిరినట్టే అన్నాడు కానీ కళ్లు తడిగా ఉన్నాయి.

13 జూలై, ఆదివారం

ముందు మెషిన్ రాస్తుందో లేదో చూద్దామని కొత్త డిస్కు మీద నా గొంతు రికార్డు చేశాను. అంకెలు పరిగెత్తాయి. గీతలు ఎగిరాయి. ఆపితే పట్టిక రాస్తున్నట్టు చూపించింది. ప్లే నొక్కితే బ్లాంక్ డిస్క్.

మూడు డిస్కులు. నాలుగు. లెవెల్ పెంచి, తగ్గించి, మైక్ మార్చి, కొత్త సెల్లు వేసి. బ్లాంక్, బ్లాంక్, బ్లాంక్. చదువుతుంది, రాయదు. మా స్కూల్లో సగం మంది అంతే.

16 జూలై

మానుకోటలో మూడు మొబైల్ షాపులు తిరిగాను. ఒకడు దీంట్లో సిమ్ ఎక్కడ పెట్టాలి అని అడిగాడు.

18 జూలై

మొగుళ్లపల్లి బాలన్న బతికే ఉన్నాడు, షాపు కూడా నడుస్తోంది! పెళ్లిళ్లకు మైక్ సెట్లు ఇచ్చే బాలు, అప్పట్లో మా బ్యాటరీలు చార్జి చేసి పెట్టినాయన. ఫోన్లో లక్షణాలు చెప్తే రోగం చెప్పేశాడు. చదివేది కిందికెంచి లైటు, రాసేటప్పుడు పైకెంచి బుల్లి హెడ్డు ఆనాలె, దాని పట్టీ తెగి ఉంటది చెల్లె, అసొంటి మిషిన్ ఇంకోటి దొర్కితె దాని హెడ్డు పీకి దీనికేస్త అన్నాడు.

అలాంటి మెషిన్ ప్రాజెక్టుకు రెండే కొన్నారు. రెండోది ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండు అనిపించింది.

20 జూలై, ఆదివారం. జనగామ

మహీధర్ సార్ ముసలివాడయ్యాడు. ఎంత ముసలివాడయ్యాడంటే, బస్సులో నేను తయారు చేసుకున్న మాటలన్నీ దండగైపోయాయి. గేటు దగ్గరే లుంగీ సర్దుకుంటూ, శ్రీలతా, నువ్వేనా అన్నాడు. ఏమనాలో తెలియక షుగర్ గోలీ వేసుకున్నారా సార్ అన్నాను. ఇరవై రెండేళ్ల కోపం చివరికి అలా బయటికొచ్చింది!

చెప్పాను. లోపలికి వెళ్లి రెండో మెషిన్ తెచ్చాడు. మోటార్ కాలిపోయింది, హెడ్డు బాగానే ఉండాలి అన్నాడు. ఒక రిజిస్టర్ కూడా తెచ్చాడు. మేం ఎక్కించిన ప్రతి డిస్కూ అందులో ఉంది. ఊరు, మనిషి, నిమిషాలు, మోనోనా స్టీరియోనా. పద్నాలుగు నవంబర్ లైను ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన శ్రీలత మొండితనం అని రాసి ఉంది. నవ్వాను. ఆయన నవ్వలేదు.

నీ పేరు నేనే కొట్టేయించిన అన్నాడు. తెలుసు సార్ అన్నాను. తప్పు జేసిన అన్నాడు. అదీ తెలుసు సార్ అన్నాను. తర్వాత ఇద్దరం టీ తాగాం.

కొట్టేసిన లైనులో ఒక అక్షరం మాత్రం మాకు కావాల్సింది. ఎమ్. మోనో. డిస్కులు ఆదా అవుతాయని సార్ వీలైనన్ని మోనోలోనే చేయించేవాడు. పట్టిక ఇచ్చే డిస్కు కూడా మోనోలోనే ఉండాలి, లేకపోతే అంతా గోలగోలగా వినిపిస్తుందట. ఆయన పిసినారితనానికి మొదటిసారి దండం పెట్టాను.

27 జూలై, ఆదివారం. మొగుళ్లపల్లి

తొమ్మిదికల్లా చేరాం. సార్ కూడా వచ్చాడు, రిజిస్టర్ చంకలో పెట్టుకుని. బాలన్న కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని పదింటి నుంచి పదకొండున్నర దాకా ఊపిరి కూడా జాగ్రత్తగా తీశాడు. హెడ్డు మార్చాడు. నేను మైకులో బాలన్నా అన్నాను. ప్లే చేస్తే బాలన్నా అంది. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

ఇక పట్టిక ఇచ్చే డిస్కు. ఒకే ట్రాక్, మోనో, మొదటి నుంచి చివరి దాకా నిశ్శబ్దం. రెండు గంటల నలభై నిమిషాలు మెషిన్ ఏమీ లేనిదాన్ని రికార్డు చేస్తూ ఉంటే మేం పక్క హోటల్లో అన్నం తిన్నాం. సార్ రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాడు.

ముందు ట్రయల్. దేన్ని బలిచ్చేది? పాలకుర్తి బస్టాండు డిస్కు తీశాను. చెరిపాను. ఆ పిల్ల నేనే కదా. బాలన్న మూత స్విచ్‌ను టేపుతో అణిచి పెట్టాడు. నిశ్శబ్దం డిస్కు పెట్టి, ట్రాక్‌కు ఒక పేరు కొట్టి, మెషిన్ ఆ పేరు రాసుకోబోయేలోపు డిస్కు మార్చి, స్టాప్. రాసింది. ప్లే. ఒకటి, రెండు, మూడు, పాలకుర్తి బస్టాండు. సార్ మొహం అటు తిప్పుకున్నాడు.

ఇప్పుడు వజ్రమ్మ. డిస్కు మార్చి స్టాప్ నొక్కాను. ప్రొటెక్టెడ్ అంది! నా బొంద, టాబ్ తీయడం మరిచిపోయాను. దాని మీద ఇంకేమీ ఎక్కకూడదని నేనే వేసిన తాళం. మెషిన్ ఏమీ రాయలేదు కనుక బతికిపోయాం. గోరుతో టాబ్ జరిపాను. మళ్లీ మొదటి నుంచి. బాలన్న కానియ్యి చెల్లె అన్నాడు. నొక్కాను.

కిర్రుమని తిరిగింది. ఆగింది. బ్లాంక్ అనలేదు. ఒక ట్రాక్ అంది.

ఒక్క చెవిలో పెట్టుకుని ప్లే నొక్కాను. గాలి. పత్తి చేనులో పిట్ట. గొంతు సవరించుకోవడం. మొదటి దీర్ఘం అందుకోగానే ఆపేశాను. సార్ ఇయర్‌ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, సరే, మంచిది అన్నాడు.

3 ఆగస్టు, ఆదివారం

వజ్రమ్మ ఇంటి నుంచి ఇప్పుడే వచ్చాను, ఇవాళే రాస్తాను.

ఇంట్లో శోకం వినపడకూడదు, అంతే కదా. హెడ్‌ఫోన్ ఉంది కదా! వజ్రమ్మ చెవులకు పెట్టి లింగయ్య అన్నను పిలిచాను. ఆయన తల్లి తల దగ్గర చెవి ఆనించి చూశాడు. ఏం ఇనబడ్తలేదు, కానియ్యుండ్రి అని గడపలో కావలి కూర్చున్నాడు. శాంతి మంచం పట్టె మీద, నేను పీట మీద.

మొదట ఏమీ లేదు. కళ్లు మూసుకుంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. శాంతి గోళ్లు కొరుకుతోంది. అప్పుడు వజ్రమ్మ ఎడమ చెయ్యి లేచి రొమ్ము మీద మెల్లగా పడింది. మళ్లీ లేచింది, పడింది. పెదవులు కదిలాయి. ఊఁ అన్న మూలుగు వచ్చింది, అందులో రాగం ఉంది. శాంతి నా మోకాలు పట్టుకుంది.

తర్వాత మాటలు. విడివిడిగా కాదు, మొత్తంగా!

ఓ వజ్రమ్మో, నా వజ్రమ్మో, పత్తి గంప నెత్తి మీద పెట్టేటోళ్లు లేక నిలబడితివా వజ్రమ్మో. కొత్త చీర పెట్టెల దాస్తివి, ఏ పండుగకు దాస్తివే వజ్రమ్మో. ఊరందరికి ఏడిస్తివి, నీకేడ్చ నువ్వే మిగిల్తివా.

చెవులు మూసి ఉన్నాయి కదా, తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. మూడు నెలలకు పైగా మూగగా ఉన్న గొంతు వాడంతా వినిపించింది. లింగయ్య అన్న లేచి నిలబడ్డాడు. ఆపుతాడేమో అనుకున్నాను. దర్వాజా పట్టుకుని చిన్నపిల్లాడిలా అవ్వా అని ఏడ్చాడు.

ఆ ఇంట్లోంచి శోకం వినపడితే ఊరేమనుకుంటుంది? మేం ముగ్గురం ఇది ఆలోచించనే లేదు. పక్కింటి బుచ్చమ్మ, అందరూ బుచ్చి అంటారు, జుట్టు విప్పుకుని రొమ్ము బాదుకుంటూ నా అక్కో అని ఉరికొచ్చింది. వెనక పదిమంది, ఇరవైమంది. ఒకాయన టెంటు సామాను వాళ్లకు ఫోన్ కూడా చేసేశాడట. అందరూ వాకిట్లోకి వచ్చి కొయ్యబారిపోయారు. పోయిన మనిషి మంచం మీద కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, తన చావుకు తనే ఏడుస్తోంది.

వజ్రమ్మ కళ్లు తెరిచింది. వాకిలి నిండా జనం. ఎడమ చేత్తో హెడ్‌ఫోన్ కిందికి లాగింది. జుట్టు విరబోసుకున్న బుచ్చిని పైనుంచి కింద దాకా చూసింది.

ఎవలే సచ్చింది, అంది.

పాట కాదు. మాట.

బుచ్చి ఆమె భుజం మీద ఒక్కటి వేసి, నీ తల పండ, నా గుండె ఆగిపాయె గద అని నవ్వుతూ ఏడ్చింది. ఎవరో టెంటు వాళ్లకు మళ్లీ ఫోన్ చేసి వద్దన్నారు. అందరికీ చాయ్ పెట్టడానికి శాంతి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పాలు సరిపోలేదు.

4 ఆగస్టు

నిన్న ఒకటి రాయడం మరిచాను. బయల్దేరేటప్పుడు వజ్రమ్మ మళ్లీ అరచేత్తో తొడ మీద తుడిచి చూపించింది. శాంతి వద్దు మేడం, ఉంచుకుందాం అని బతిమాలింది. పొలిమేర రాయి దగ్గర ఆటో ఆపించి చెరిపాను. బ్లాంక్ డిస్క్ అంది. టాబ్ జరిపాను.

19 ఆగస్టు

శాంతి ఫోన్. మొత్తం పదకొండు మాటలు వచ్చాయట. అందులో నాలుగు బూతులు.

11 సెప్టెంబర్, గురువారం

వజ్రమ్మే ఫోన్ చేసింది. ఒక్కో మాటకు ఆగి ఆగి.

తుడిచినవా అంది. తుడిచిన అవ్వా అన్నాను.

మళ్ల దొర్కుతదా అంది.

దొర్కుతది అన్నాను.

నా దినానికి తే, అని పెట్టేసింది.